యుద్ధం ఉక్రెయిన్‌లో, పెట్రోలు క్యూ కొలంబోలో: ఎందుకలా?

మీరు అడిగింది ఇది: 2022లో యుద్ధం ఉక్రెయిన్‌లో జరిగితే శ్రీలంకలో పెట్రోలు ఎందుకు అయిపోయింది? సగానికి పైగా గ్యాసు రష్యా నుంచే తెచ్చుకునే జర్మనీ ఎందుకు కూలిపోలేదు? శ్రీలంక లాంటి దేశాల నాయకుల అవినీతి, చేతగానితనమే కారణమైతే ప్రపంచాన్ని అనడం దేనికి?

మీ చివరి ప్రశ్నలో సగం నిజముంది. ఆ మాటకు తరువాత వస్తాను. నేను ఆర్థికశాస్త్రవేత్తను కాను, బ్యాంకులో విదేశీ మారక విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాణ్ని. అందుకే సిద్ధాంతాల జోలికి పోకుండా, డబ్బు, కాగితాలు ఎలా కదులుతాయో చెబుతాను.

ముందు ఒక సవరణ. శ్రీలంకలో పెట్రోలు "అయిపోయింది" అన్నారు. 2022 మే నెలలో ఆ దేశ ఇంధన మంత్రి కాంచన విజేశేఖర పార్లమెంటులో చెప్పిన సంగతి వినండి. పెట్రోలుతో వచ్చిన ఓడ ఒకటి మార్చి 28 నుంచి వాళ్ల సముద్ర జలాల్లోనే లంగరు వేసి ఉంది. దించుకోవడానికి డాలర్లు లేవు. జనవరిలో వచ్చిన సరుకు తాలూకు 5.3 కోట్ల డాలర్ల పాత బాకీ కూడా ఉంది. రెండూ కడితే తప్ప సరుకు దించనని ఓడ కంపెనీ భీష్మించుకుంది. ఒడ్డున జనం ఆటోలు, స్కూటర్లతో రాత్రింబవళ్లు వరుసల్లో ఉన్నారు. సరుకు ఉంది, కొనేవాళ్లున్నారు, వాళ్ల జేబుల్లో శ్రీలంక రూపాయలూ ఉన్నాయి. ఆ రూపాయలను ఓడవాళ్లు తీసుకోరు.

ఇక్కడ దిగుమతి ఎలా జరుగుతుందో కాస్త తెలియాలి. కొలంబోలోని కంపెనీ తన బ్యాంకులో ఎల్‌సీ, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, తెరుస్తుంది. సరుకు ఎక్కించిన పత్రాలు సక్రమంగా చూపిస్తే డబ్బు మేం చెల్లిస్తామని బ్యాంకు రాసిచ్చే హామీ అది. సింగపూర్‌లోని అమ్మకందారుకు ఆ కొలంబో బ్యాంకు మీద గురి లేకపోతే, మరో పెద్ద అంతర్జాతీయ బ్యాంకు ఆ హామీకి తన హామీని జోడించాలి. దాన్ని కన్ఫర్మేషన్ అంటాం. మామూలు రోజుల్లో కొద్దిపాటి కమీషన్ తీసుకుని ఈ పని చేసిపెడతారు. అప్పు తీర్చే సత్తాను బట్టి దేశానికి ఇచ్చే రేటింగ్ తగ్గగానే కమీషన్ పెరుగుతుంది. తరువాత మొత్తం సొమ్ము ముందే జమ చేయమంటారు. ఆ తరువాత ఆ దేశపు బ్యాంకు పేరున్న కాగితం తీసుకోవడమే మానేస్తారు. టీవీల్లో సంక్షోభం కనబడటానికి ఎన్నో నెలల ముందే ఎల్‌సీలు చూసే గుమస్తాకు దాని సెగ తెలుస్తుంది. ఇందులో కుట్రేమీ లేదు. లండన్‌లోనో సింగపూర్‌లోనో కూర్చున్న రిస్కు అధికారి తన బ్యాంకు డబ్బు తాను కాపాడుకుంటున్నాడు, అంతే. అయితే అలాంటివాళ్లు అందరూ ఒకే నెలలో అదే పని చేస్తే, ఒక దేశపు ఆసుపత్రులకు మందులు, పత్రికలకు కాగితం రావు. నిజంగానే 2022 మార్చిలో శ్రీలంక పశ్చిమ రాష్ట్రంలో ప్రశ్నపత్రాలు అచ్చువేయడానికి కాగితం లేక బడి పరీక్షలు వాయిదా వేశారు.

మరి డాలర్లు ఎందుకు లేకుండా పోయాయి? శ్రీలంకకు డాలరు వచ్చే దారులు ప్రధానంగా నాలుగు: దుస్తుల ఎగుమతి, తేయాకు, పర్యాటకం, గల్ఫ్ తదితర దేశాల్లో పనిచేసేవాళ్లు పంపే డబ్బు. 2018లో పర్యాటకం ఒక్కటే దాదాపు 440 కోట్ల డాలర్లు తెచ్చింది. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ నాటి బాంబు పేలుళ్లు, మరుసటి ఏడాది కోవిడ్. దాంతో 2021 నాటికి ఆ ఆదాయం అరవై కోట్లు కూడా లేదు. విదేశాల్లోని శ్రీలంక కార్మికులు పంపే సొమ్ము కూడా 2021లో బాగా పడిపోయింది. ప్రభుత్వం డాలరును 200 రూపాయల దగ్గర బలవంతంగా కట్టేసి ఉంచితే బయట అంతకన్నా ఎక్కువ ధర పలికింది, డబ్బు హవాలా దారి పట్టింది. 2022 మొదట్లో పర్యాటకం కొంచెం కోలుకుంది. ఆ వచ్చేవాళ్లలో ముందు వరుసలో ఉన్నది ఎవరనుకున్నారు? రష్యన్లు, ఉక్రేనియన్లు. తేయాకు కొనే పెద్ద ఖాతాదారుల్లోనూ రష్యా ఉంది. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. మార్చి మొదట్లో చమురు ధర పీపా 130 డాలర్లు దాటింది. అంటే డాలరు లోపలికి వచ్చే తలుపు మూసుకున్న నెలలోనే, బయటికి పోయే తలుపు మరింత తెరుచుకుంది. 2019 చివర 760 కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వల్లో, 2022 మే నాటికి చేతికి అందేది 5 కోట్లు కూడా లేదని అప్పటి ఆర్థిక మంత్రే చెప్పారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం బాకీ ఎగ్గొట్టడం అదే మొదటిసారి.

అప్పుల స్వభావం కూడా మారిపోయింది. ఒకప్పుడు శ్రీలంక అప్పంటే ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్. తక్కువ వడ్డీ, దశాబ్దాల గడువు. దేశం కాస్త బాగుపడి మధ్యాదాయ జాబితాలో చేరాక ఆ చౌక అప్పులు తగ్గిపోయాయి. 2007లో తొలిసారి అంతర్జాతీయ మార్కెట్లో 50 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మారు. చెల్లింపులు ఆపేసే నాటికి అలాంటి బాండ్లు సుమారు 1,250 కోట్ల డాలర్లకు చేరాయి. ఇవి ఎక్కువగా అయిదు, పదేళ్లలో ఒకేసారి తీర్చాల్సినవి, వడ్డీ ఎక్కువ, పైగా అన్నీ డాలర్లలో. అందరూ చైనా అప్పుల గురించే మాట్లాడతారు గానీ, శ్రీలంక మెడకు బిగిసిన ఉరిలో ఈ బాండ్లదే పెద్ద వాటా అని నా అభిప్రాయం.

ఇప్పుడు అవినీతి, చేతగానితనం గురించి మీ వాదన. అధ్యక్షుడు గొటబాయ రాజపక్స ప్రభుత్వం 2019 డిసెంబరులో వ్యాట్‌ను 15 శాతం నుంచి 8కి తగ్గించింది. ఖజానాకు గండి పడింది. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే నిషేధించింది. వరి, తేయాకు దిగుబడి దెబ్బతిన్నాక ఏడు నెలలకు వెనక్కి తగ్గింది. ఈ రెండింటినీ నేను సమర్థించను. ఎవరూ సమర్థించలేరు.

అయితే అదే 2022లో మరో దేశంలో జరిగినది కూడా పక్కన పెట్టి చూడండి. సెప్టెంబరు 23న బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం 4,500 కోట్ల పౌండ్ల పన్నుల కోత ప్రకటించింది. ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారో చెప్పలేదు. కొలంబోలో చేసిన పొరపాటే ఇది, మోతాదులో తేడా. మూడు రోజుల్లో పౌండు డాలరుతో చరిత్రలోనే అతి తక్కువ స్థాయికి, 1.03 దగ్గరికి పడింది. ప్రభుత్వ బాండ్ల ధరలు కుప్పకూలి పింఛను నిధులు మునిగే దాకా వచ్చింది. 28వ తేదీన అక్కడి కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి, అవసరమైతే 6,500 కోట్ల పౌండ్ల దాకా బాండ్లు కొంటామంది. చివరికి 1,930 కోట్లతోనే పని జరిగిపోయింది. ఆ డబ్బు ఎక్కడిది? బ్రిటన్ అప్పు పౌండ్లలోనే ఉంది, పౌండును సృష్టించేది ఆ బ్యాంకే. అక్టోబరు 20న ప్రధాని రాజీనామా ప్రకటించారు. ఇళ్ల రుణాల మీద వడ్డీలు పెరిగి మామూలు జనం ఇబ్బంది పడ్డారు, కాదనను. కానీ పెట్రోలు ఓడ ఏదీ థేమ్స్ నది మొగలో డబ్బు కోసం కాచుకోలేదు. శ్రీలంకలో అదే సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గర, ఒక్క ఆహారానికి లెక్కిస్తే 95 శాతం దగ్గర ఉంది.

నా ఉద్దేశంలో మీ ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. చెడ్డ నిర్ణయాలు అన్ని దేశాల్లోనూ తీసుకుంటారు. తమ సొంత కరెన్సీలో అప్పు తెచ్చుకుని, సొంత కరెన్సీలోనే చమురు, గోధుమలు కొనగలిగే దేశానికి ఆ తప్పు ఖరీదు ఒక ప్రధాని పదవి. పరాయి కరెన్సీ సంపాదించుకుంటే తప్ప ఏదీ కొనలేని దేశానికి అదే తప్పు ఖరీదు పిల్లల పాలపొడి. సందేహముంటే గ్రీసును చూడండి. ధనిక దేశమే, యూరోలోనే ఉంది, కానీ యూరోను ముద్రించే అధికారం ఏథెన్స్‌లో లేదు. 2010 తరువాత అది పడ్డ పాట్లు వర్ధమాన దేశపు పాట్లలాగే ఉన్నాయి.

జర్మనీ సంగతికొస్తే, 2022 సెప్టెంబరులో ఆ ప్రభుత్వం ఇళ్లను, పరిశ్రమలను గ్యాసు ధరల నుంచి కాపాడటానికి 20,000 కోట్ల యూరోలు పక్కన పెట్టింది. ఓడల్లో వచ్చే ద్రవీకృత గ్యాసును దించుకునే తేలియాడే టెర్మినళ్లను అద్దెకు తెచ్చుకుని, డిసెంబరుకల్లా విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో మొదటిది తెరిచేసింది. వేగం మెచ్చుకోదగ్గదే. మరి ఆ ద్రవీకృత గ్యాసు కొత్తగా పుట్టలేదు కదా. ప్రపంచంలో ఉన్న ఓడలే యూరప్ వైపు తిరిగాయి. బహిరంగ మార్కెట్లో ధర భరించలేక బంగ్లాదేశ్ జూలైలో ఆ కొనుగోళ్లు ఆపేసి కరెంటు కోతలు మొదలుపెట్టింది. అదే నెలలో పాకిస్తాన్ టెండరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. దీర్ఘకాలిక ఒప్పందం ఉన్న కొన్ని ఓడలు కూడా పాకిస్తాన్‌కు చేరలేదు. ఒప్పందం తప్పినందుకు కట్టాల్సిన జరిమానా కంటే ఆ సరుకును వేరేచోట అమ్ముకుంటే వచ్చే లాభం ఎక్కువ మరి. సంతలో ఒక్క బస్తా మిగిలినప్పుడు వేలంపాట ఎవరు గెలుస్తారో చెప్పాలా? జర్మనీ చలికాలం గట్టెక్కడానికి, ఢాకాలో పంకాలు ఆగిపోవడానికి మధ్య ఉన్న సంబంధం ఇదే.

ఇంతలో వాషింగ్టన్‌లో ఇంకో పని జరుగుతోంది. అమెరికాలో ధరలు పెరిగాయని అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. 2022 మార్చిలో దాదాపు సున్నా, 2023 జూలైకి 5.25–5.50 శాతం. అమెరికా బాండ్లలో భద్రంగా అయిదు శాతం వస్తుంటే, ఘనాలోనో ఈజిప్టులోనో డబ్బు ఉంచేది ఎవరు? పెట్టుబడులు వెనక్కి మళ్లాయి, డాలరు బలపడింది, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు పుట్టలేదు. 2022 డిసెంబరులో ఘనా అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. 2022 మార్చి దాకా డాలరుకు 16 స్థానిక పౌండ్లు కూడా లేని ఈజిప్టులో 2024 మార్చికి 50 పౌండ్ల దాకా పోయింది. ఫెడ్‌ను తప్పుపట్టలేం, దాని బాధ్యత అమెరికా ధరలు చూసుకోవడమే. మనకూ దీని రుచి తెలుసు. 2013 మే నెలలో అప్పటి ఫెడ్ అధిపతి బెన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని ఒక్క మాట అన్నందుకు, 55 దగ్గరున్న మన రూపాయి ఆగస్టు చివరికి 68 దాటింది. 2008 ఆర్థిక సంక్షోభంలో అయితే మరీ విచిత్రం. మంట పుట్టింది అమెరికాలో, ప్రపంచంలోని డబ్బంతా తలదాచుకోవడానికి పరుగెత్తిందీ అమెరికాకే.

ఇంతవరకు దేశాల సంగతి. ఇంటి లెక్క వేరు. 2012 ఆధార సంవత్సరంగా లెక్కించిన మన వినియోగ ధరల సూచీలో ఆహార, పానీయాల వాటా దాదాపు 46 శాతం. అమెరికా సూచీలో హోటలు భోజనంతో కలిపినా ఆహారం 13–14 శాతం. ప్రపంచ మార్కెట్లో గోధుమల ధర ఒకే మోతాదులో పెరిగినా రెండు ఇళ్లలో దాని బరువు ఒకటి కాదు. అక్కడ ఒక రెస్టారెంటు భోజనం మానుకుంటారు, ఇక్కడ పిల్లవాడి ట్యూషనో, ముసలామె బీపీ మాత్రలో మానేస్తారు.

దీనికి మనవాళ్లందరికీ గుర్తుండే ఉదాహరణ ఒకటుంది. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది. ఆ వారాంతంలో అమెరికాలోని ఇండియన్ దుకాణాల ముందు తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం బారులు తీరిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. కుటుంబానికి ఒక్క బస్తానే అన్న దుకాణాలున్నాయి. ధర పెరిగింది, గొణుక్కున్నారు, కొన్నారు. కొద్ది వారాల్లో ఆ గొడవ సద్దుమణిగింది. మరి కాకినాడ రేవు నుంచి మన బియ్యం ఎక్కువగా వెళ్లేది ఎక్కడికో తెలుసా? పశ్చిమ ఆఫ్రికాకు. సెనెగల్‌లో రోజువారీ భోజనం నూక బియ్యం. ఆ నూకల ఎగుమతిని 2022 సెప్టెంబరులోనే ఆపేశాం. 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశాం. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన వాటా 40 శాతం దాకా ఉంటుంది కాబట్టి దెబ్బ గట్టిగానే తగిలింది. మన ప్రభుత్వానికి మన ధరలు ముఖ్యం, అందులో తప్పులేదు, ఫెడ్‌కు అమెరికా ధరలు ముఖ్యమైనట్లే. కానీ ఈసారి దెబ్బ కొట్టిన చెయ్యి మనది. 2021లో మన దగ్గర కోవిడ్ రెండో విడత వచ్చినప్పుడు టీకాల ఎగుమతి ఆపడమూ అంతే. ఆ ఏడాది చివరికి ఆఫ్రికా ఖండంలో రెండు డోసులూ పడినవాళ్లు పది శాతం కూడా లేరు.

"మరి భారత్ ఎందుకు శ్రీలంకలా కాలేదు?" అని తరువాత అడుగుతారు. అయింది. 1991లో. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకోగానే చమురు ధర రెట్టింపైంది. మనవాళ్లను లక్షా డెబ్భై వేలకు పైగా విమానాల్లో వెనక్కి తెచ్చుకున్నాం. వాళ్లలో కడప, గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. వాళ్లు పంపే దినార్లూ ఆగిపోయాయి. నిల్వలు మూడు వారాల దిగుమతులకు కూడా చాలని స్థితికి వచ్చాయి. డాలర్ల కోసం 1991 మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు, జూలైలో దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గరికి వెళ్లింది. జూన్ 21న ప్రధాని అయిన పి.వి. నరసింహారావు మొదటి రెండు వారాల్లోనే రూపాయి విలువను రెండు దఫాలుగా తగ్గించాల్సి వచ్చింది. అప్పటికి మనకూ అప్పుల భారం, లోటు బడ్జెట్ ఉన్నాయి, నిజమే. కానీ సద్దాం హుసేన్ మనల్ని అడిగి కువైట్‌లో అడుగుపెట్టలేదు.

ఆ అవమానం తరువాత మన రిజర్వు బ్యాంకు నేర్చుకున్న పాఠం డాలర్లు కూడబెట్టుకోవడం. అప్పట్లో ఆర్థిక శాఖలో ఆ సంక్షోభాన్ని దగ్గర నుంచి చూసిన మన కడప జిల్లావాడు వై.వి. రెడ్డి, 2003 నుంచి 2008 దాకా గవర్నరుగా ఉన్నప్పుడు, రియల్ ఎస్టేటు రుణాల మీద బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టేలా చేశారు. వెల్లువలా వచ్చిన విదేశీ పెట్టుబడి డాలర్లను కొని నిల్వల్లో వేశారు. మరీ జాగ్రత్తపరుడని అప్పట్లో విసుక్కున్నవాళ్లు చాలామంది. ఆయన 2008 సెప్టెంబరు మొదటి వారంలో పదవి దిగారు, 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది, మన బ్యాంకులు నిలబడ్డాయి. 2022లోనూ అంతే. 64,200 కోట్ల డాలర్ల దాకా ఎగబాకిన నిల్వలు ఆ ఏడాది అక్టోబరుకు 52,500 కోట్లకు తగ్గాయి. తేడా సుమారు 11,700 కోట్ల డాలర్లు. అందులో కొంత లెక్కల్లో విలువ తగ్గడం వల్ల, కొంత రూపాయిని కాపాడటానికి అమ్మడం వల్ల. ఆ నిల్వలు లేకపోతే పెట్రోలు బంకుల దగ్గర మనమూ నిలబడేవాళ్లం.

ఈ రక్షణ ఉచితం కాదని మాత్రం తెలుసుకోండి. ఆ డాలర్లలో చాలా భాగం అమెరికా బాండ్లలో తక్కువ వడ్డీకి ఉంటుంది. అదే సమయంలో మన కంపెనీలు ఎక్కువ వడ్డీకి విదేశాల్లో అప్పు తెచ్చుకుంటాయి. అంటే పేద దేశం ధనిక దేశానికి చౌకగా అప్పిచ్చి, దాన్నే ఖరీదుగా తిరిగి తెచ్చుకుంటోంది. భారత్ అంత పెద్ద దేశం ఆ ప్రీమియం కట్టుకోగలదు. ఆఫ్రికాలోని చిన్న దేశం మలావీకి అంత స్తోమత లేదు. 2021 ఆగస్టులో అంతర్జాతీయ ద్రవ్యనిధి 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక నిధులు సభ్య దేశాలకు పంచినప్పుడు, వాటాల ప్రకారం పంచాలన్నది నియమం కాబట్టి, ఆఫ్రికా మొత్తానికి వచ్చింది సుమారు 3,300 కోట్లు. ఎక్కువ భాగం అవసరం లేనివాళ్లకే వెళ్లింది.

తుపానులు, వరదల గురించి ఒక్క లెక్క చెప్పి ఊరుకుంటాను, అది వేరే సమాధానం. 2017లో మారియా తుపాను డొమినికా అనే చిన్న ద్వీప దేశాన్ని తాకినప్పుడు నష్టం ఆ దేశపు ఏడాది ఉత్పత్తికి 226 శాతం. అమెరికాలో ఎంత పెద్ద తుపాను వచ్చినా నష్టం ఒకటి రెండు శాతం దగ్గరే ఉంటుంది. ఒక రాష్ట్రం మునిగితే మిగతా 49 రాష్ట్రాల పన్నులు దాన్ని ఎత్తుతాయి. డొమినికాకు పక్క రాష్ట్రం లేదు.

శ్రీలంక తరువాత ఏమైందని కూడా తెలుసుకోవాలి. 2022లో భారత్ అప్పులు, వాయిదాల రూపంలో సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది, ఆ ఏడాది డీజిలు కొంత అలా వచ్చిందే. 2023 మార్చిలో ద్రవ్యనిధి 300 కోట్ల డాలర్ల కార్యక్రమానికి ఒప్పుకుంది. షరతుల్లో భాగంగా పన్నులు పెరిగాయి. 8 శాతానికి దించిన వ్యాట్ 2024 జనవరికి 18 శాతమైంది, అది ధనికుడికీ కూలివాడికీ ఒకటే. ప్రపంచ బ్యాంకు అంచనాల ప్రకారం 2021లో 13 శాతమున్న పేదరికం మరుసటి ఏడాదికి 25 శాతమైంది. దేశీయ అప్పును తగ్గించుకునే పనిలో బ్యాంకులను వదిలేసి, ఉద్యోగుల భవిష్య నిధిని తక్కువ వడ్డీ బాండ్లు తీసుకోమన్నారు. కాదంటే 30 శాతం పన్ను తప్పదన్నారు. ఆ నిధిలో డబ్బు దాచుకున్నది కట్టునాయకెలో బట్టలు కుట్టే అమ్మాయిలు, నువర ఎలియలో తేయాకు కోసే తమిళ కూలీలు. వ్యాట్ తగ్గించమని గానీ, డాలర్ బాండ్లు అమ్మమని గానీ, ఉక్రెయిన్ మీదికి ట్యాంకులు పంపమని గానీ వాళ్లను ఎవరూ అడగలేదు.